తీగలు కోసిన ఇంజన్

ఆ ఏడాది ఆఫీసులో ఆయుధపూజ అంటే అందరికీ ఒకటే హడావుడి. ఎందుకంటే మొదటిసారిగా పూజ చేయడానికి ఆయుధం అనదగ్గది ఒకటి దొరికింది. అప్పటిదాకా పాపం ల్యాప్‌టాపులకీ, సర్వర్ రూము తలుపుకీ, కాఫీ మెషీనుకీ బొట్లు పెట్టి సరిపెట్టుకునేవారు.

ఆ కంపెనీ చేసే పని చెబితే నవ్వొస్తుంది. ఎవరి విమాన ప్రయాణమైనా రద్దయితే ఎవరికి ఎంత తిరిగి ఇవ్వాలో తేల్చే సాఫ్ట్‌వేర్ రాస్తారు. విమానం ఎగిరితే వాళ్ళకి పని లేదు, ఎగరకపోతేనే చేతినిండా పని. అయినా కంపెనీ యజమాని లోహిత్‌కి తనది విమానాల కంపెనీ అని చెప్పుకోవడం ఇష్టం. ఎక్కడో పాత సామాన్లు అమ్మేచోట ఒక చిన్న విమానం ఇంజన్ కనిపిస్తే, బేరం కూడా ఆడకుండా కొనేసి, హైటెక్ సిటీలో తమ నాలుగో అంతస్తు రిసెప్షన్ హాల్లో ఇనుప స్టాండు మీద బోల్టులు కొట్టించి నిలబెట్టాడు. నాలుగు సిలిండర్లు, ఇటు రెండు, అటు రెండు, పడుకోబెట్టినట్టు ఉంటాయి. ఒంటినిండా పల్చటి రేకులు, ఆ రేకుల మధ్య నుంచి గాలి పోయి ఇంజన్ని చల్లబరచాలి. నీళ్ళూ రేడియేటరూ ఏమీ లేవు. వచ్చినప్పుడు తుప్పుపట్టి, బిగుసుకుపోయి, ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. దాని చెక్క ప్రొపెల్లర్ని విడిగా గోడకి తగిలించారు. అందరూ దాన్ని ఫ్యాన్ అనేవారు.

ఆఫీసు మొత్తంలో అలాంటి ఇంజన్ని చేత్తో ముట్టుకున్న మనిషి ఒక్క సంయుక్తే. టెస్టింగ్ టీములో ఉంటుంది. అంతకు ముందు ఆరేళ్ళు ఒక ఫ్లయింగ్ క్లబ్ షెడ్డులో, రామ్మోహనరావుగారనే పెద్ద ఇంజనీరు కింద, విమానాల మెయింటెనెన్స్ చేసింది. లైసెన్సు కూడా ఉంది. క్లబ్బులో విమానాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి, జీతాలు అంతకంటే ముందే మూలపడ్డాయి. అమీర్‌పేటలో కోర్సు చేసి ఇటు వచ్చేసింది. చేరేటప్పుడు హెచ్చార్ అమ్మాయి ఆ ఆరేళ్ళూ చూసి, "ఇది రెలెవెంట్ ఎక్స్‌పీరియన్స్ కింద రాదండీ" అని సున్నా వేసింది. విమానాల కంపెనీలో విమానాల అనుభవానికి సున్నా. అప్పట్లో సంయుక్త నవ్వుకుంది. నాలుగుసార్లు అప్రైజల్ అయ్యాక ఆ నవ్వు తగ్గిపోయింది. ఇంజన్ వచ్చిన రోజు కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడం!

మూడు వారాలుగా మణికొండలో ఇంట్లోంచే పనిచేస్తూ, పూజ రోజున పట్టుచీర కట్టుకుని రావాల్సిందేనని అడ్మిన్ రజిత పెట్టిన మెయిలుకి తలొగ్గి ఆఫీసుకొచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే అగరొత్తులూ బంతిపూలూ ముక్కుకి తగిలాయి. వాటి మీదుగా పెట్రోలు తగిలింది.

ఇంజన్ మెరిసిపోతోంది. గోడ మీది ప్రొపెల్లర్ వచ్చి ఇంజన్ ముక్కుకి ఎక్కింది. దానికి బంతిపూల దండ. నాలుగు సిలిండర్లకీ పసుపూ కుంకుమా. స్టాండుకి ఒక అట్టముక్క వేలాడదీసి, దాని మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాశారు: 'సేఫ్. వైర్లు తీసేశాం. శ్యామ్.'

సంయుక్త చెప్పులు విప్పి ఇంజన్ వెనక్కి వెళ్ళి వంగి చూసింది. చూడగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఈ పాత ఇంజన్ల సంగతి కారు ఇంజన్ లాంటిది కాదు. కారుకి బ్యాటరీ ఉంటేనే నిప్పురవ్వ పడుతుంది. వీటికి బ్యాటరీతో పనే లేదు. వెనకాల గుప్పెడంత పెట్టెలు రెండుంటాయి, మాగ్నెటోలు అంటారు. ప్రొపెల్లర్ తిరిగితే లోపల అయస్కాంతం తిరుగుతుంది, కరెంటు అక్కడే పుడుతుంది, సిలిండర్లో రవ్వ అదే వేస్తుంది. మాగ్నెటో నుంచి బయటికొచ్చే తీగ ఉంది చూశారూ, దాని పని కరెంటు తేవడం కాదు. పుట్టిన కరెంటుని ఇంజన్ ఒంట్లోకి దింపేసి రవ్వ పడకుండా చేయడం. ఆ తీగ ఇంజన్ ఒంటికి తగిలి ఉన్నంతసేపూ ఇంజన్ చచ్చినట్టు పడి ఉంటుంది. తీగ తెగిందంటే లేచి కూర్చున్నట్టే. ఈ ఇంజన్ని అమ్మినవాళ్ళలో ఎవరో పని తెలిసినవాళ్ళే ఉన్నారు, ఆ రెండు తీగల్నీ జాగ్రత్తగా ఇంజన్ ఒంటి మీద బోల్టు కింద బిగించి మరీ పంపారు. ఆ రెండూ ఇప్పుడు నీటుగా కోసి ఉన్నాయి. కార్బ్యురేటరు కింద పెట్రోలు తడి ఉంది.

శ్యామ్ క్యాంటీనులో ఇడ్లీ తింటున్నాడు. సంయుక్తకి పై అధికారి, కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. మంచివాడు, అదే చిక్కు. చెడ్డవాడయితే కసిరి చెప్పొచ్చు. ఎవరికి ఏ సాయం కావాలన్నా ముందుంటాడు, ఏ పనైనా వీడియోలు చూసి నేర్చుకుని శ్రద్ధగా చేస్తాడు.

"చూశారా ఇంజన్?" అన్నాడు ఉత్సాహంగా. "రెండు వీకెండ్లు పట్టింది సంయుక్తా. ప్లగ్గుల్లోంచి పెట్రోలూ డీజిలూ పోసి నానబెట్టి నానబెట్టి మొత్తానికి కదిలించాను. ఇప్పుడు వేలితో నెట్టినా తిరుగుతోంది. ఇందాక కార్బ్యురేటరు కూడా పెట్రోలుతో కడిగేశాను, రజితగారు తళతళలాడాలన్నారు."

"ఆ తీగలు ఎందుకు కోశారండీ?"

"సేఫ్టీ కోసమే. మాగ్నెటో నుంచి బాడీకి డైరెక్టుగా కలిపేసి ఉన్నాయి. ఎవరో షార్ట్ చేసేశారు. అలా వదిలేస్తామా?"

సంయుక్త కుర్చీ లాక్కుని కూర్చుని, విషయం మొత్తం చెప్పింది. శ్యామ్ శ్రద్ధగానే విన్నాడు. చెట్నీలో ఇడ్లీ ముంచుతూ కాసేపు ఆలోచించాడు కూడా.

"థియరీలో మీరన్నది కరెక్టే కావచ్చు," అన్నాడు. "కానీ అది తయారై ఎన్నేళ్ళయిందో! ఆ కాయిల్స్ ఎప్పుడో పోయుంటాయి. నేను కనీసం వందసార్లు తిప్పుంటాను. ఏం కాలేదు కదా?"

"వందసార్లు కాలేదని నూట ఒకటోసారి కాదని ఎలా అంటారు? మనం టెస్టింగులో అలా ఒప్పుకుంటామా?"

శ్యామ్ నవ్వాడు. "మీరు టెస్టింగ్ బుర్రని ఇంజన్ మీద కూడా పెడుతున్నారు. పూజ అయ్యాక చూద్దాం, మీరు చెప్పినట్టే కలిపేద్దాం. సరేనా?"

పూజ అయ్యాకయితే ఫరవాలేదనుకుంది సంయుక్త. దండ వేసి దణ్ణం పెట్టుకున్నంతమాత్రాన ఏ ఇంజనూ కరవదు. ఎవరూ దాన్ని తిప్పకుండా ఉంటే చాలు. ఆ మాటే చెబుదామని రజిత దగ్గరికి వెళ్ళింది.

రజిత చేతిలో కొబ్బరికాయల సంచీ, చెవిలో ఫోను, ఒక కన్ను డెకరేషన్ కుర్రాళ్ళ మీద ఉంది. "తిప్పకుండ ఎట్ల?" అంది. "పంతులుగారు ముందే చెప్పిండు. పూజ చేసినంక మిషన్ ఉట్టిగ నిలబడొద్దట, ఒక్కసారన్న కదలాల్నట. కార్లయితే నిమ్మకాయల మీద నుంచి పోనిస్తం గద! లోహిత్ సార్ వాళ్ళ అమ్మగారు వస్తున్నరు, ఆమె చేత్తో ఫ్యాన్ తిప్పిస్తం. వీడియోగ్రాఫర్‌ని గూడ పిలిచిన."

"రజితా, అది తిప్పితే స్టార్టయిపోవచ్చు. ప్రొపెల్లర్ చెయ్యి నరికేస్తుంది."

రజిత ఫోను చెవిలోంచి తీసి సంయుక్తని ఎగాదిగా చూసింది. "పొద్దుపొద్దున పండుగనాడు ఏం మాటలివి? గిట్ల అంటరా? శ్యామ్ సార్ సేఫ్ అని రాసి పెట్టిండు గద. జర నువ్వు పరేషాన్ కాకు, మమ్మల్ని చెయ్యకు."

పంతులుగారు ఆ రోజు ఎన్ని ఆఫీసులు ఒప్పుకున్నారో గానీ, లిఫ్టులోంచి బయటకొస్తూనే మంత్రం అందుకున్నారు. నూట ఇరవైమంది హాల్లో కిక్కిరిసి నిలబడ్డారు. లోహిత్ పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. పక్కన తల్లి సుబ్బలక్ష్మిగారు, తెనాలి వైపు మనిషి, ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. మాట తక్కువ, చూపు ఎక్కువ. సంయుక్త వెనక వరసలో ఇరుక్కుపోయింది. మంత్రాలు ఒక్కటీ చెవికెక్కడం లేదు. లోహిత్‌కి మెసేజ్ పెట్టింది, చూడలేదు. చూస్తాడా మరి, ఫోను కూడా పూజలోనే ఉంది, పసుపు పూసుకుని.

రామ్మోహనరావుగారికి కుడిచేతికి రెండే వేళ్ళుండేవి. షెడ్డులో చేరిన మొదటి రోజున ఆ చెయ్యి చూపించి ఆయన చెప్పింది ఒక్కటే. "అమ్మాయ్, ఇంజన్ చచ్చిందని ఎవరు చెప్పినా నమ్మకు. నేను చెప్పినా నమ్మకు." అది ఆయన పాఠం కాదు, ఆయన చెయ్యే పాఠం.

హారతి అయింది. కొబ్బరికాయ కొట్టారు. "అమ్మగారూ, రండి," అన్నారు పంతులుగారు వాచీ చూసుకుంటూ. "ఆ చక్రం ఒక్కసారి మీ చేత్తో తిప్పండి. జయం కలుగుతుంది."

సుబ్బలక్ష్మిగారు లేచి ప్రొపెల్లర్ ముందుకొచ్చారు. కళ్ళకద్దుకున్నారు. రెండు చేతులూ పైకెత్తి, నూతి దగ్గర చేంతాడు పట్టుకున్నట్టు, వేళ్ళన్నీ చెక్క చుట్టూ బిగించి పట్టుకున్నారు. ముఖం ప్రొపెల్లర్‌కి జానెడు దూరంలో ఉంది.

"వద్దు!"

ఆ అరుపు తనదేనని సంయుక్తకి ఆ తర్వాత తెలిసింది. అప్పటికే ఇద్దరు ముగ్గుర్ని తోసుకుంటూ వెళ్ళి, పెద్దావిడ రెండు మణికట్లూ పట్టుకుని వెనక్కి లాగేసింది. కుంకుమ భరిణె కిందపడి దొర్లింది. హాలంతా బిత్తరపోయి చూస్తోంది.

"సంయుక్తా!" అన్నాడు లోహిత్. అతను గొంతు పెంచడం ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "వాట్ ఈజ్ దిస్? అమ్మని అలా లాగుతారా?"

సంయుక్త చెప్పింది. ముందుది వెనకా వెనకది ముందూ చెప్పింది. తీగలు, మాగ్నెటో, పెట్రోలు, చెయ్యి. విన్నవాళ్ళకి సగం అర్థమైంది. శ్యామ్ ముందుకొచ్చి చాలా మర్యాదగా, తడబడకుండా తన మాట చెప్పాడు. బ్యాటరీ లేదు, తీగలు లేవు, పాత కాయిల్స్, తను వందసార్లు తిప్పాడు. అందరికీ పూర్తిగా అర్థమైంది. బాగా చెప్పినవాడి మాట నిజమనిపించడం ఆఫీసుల్లో మామూలే.

"నీకెలా తెలుసమ్మాయ్ ఇవన్నీ?" అన్నారు సుబ్బలక్ష్మిగారు, మణికట్లు నిమురుకుంటూ.

"ఆరేళ్ళు ఈ పనే చేశానండీ. విమానాల ఇంజనీరుని."

లోహిత్ ఆశ్చర్యంగా చూశాడు. రజిత కూడా చూసింది. సున్నా వేసిన హెచ్చార్ అమ్మాయి తప్ప, ఇన్నేళ్ళలో ఈ సంగతి అక్కడ ఎవరూ ఎరగరు.

"రెండు నిమిషాలివ్వండి చాలు," అంది సంయుక్త. "తీగలు మళ్ళీ కలిపేస్తాను. అప్పుడు మీ ఇష్టం వచ్చినట్టు తిప్పుకోండి."

పంతులుగారు వాచీ చూసుకుని, ముహూర్తానికి ఇంకా వ్యవధి ఉందన్నారు. నెట్‌వర్క్ టీము హేమంత్‌ని పిలిచి మూరెడు ల్యాన్ కేబులూ కట్టరూ అడిగింది సంయుక్త. కేబులు చీల్చి, లోపలి రాగితీగల్లో రెండు తీసుకుని, మాగ్నెటోల దగ్గర మిగిలిన మొండి తీగలకి మెలేసి, రెండో కొసల్ని ఇంజన్ ఒంటి మీది బోల్టు కింద బిగించింది. పట్టుచీర అంచుకి గ్రీజు అంటింది. తుడుచుకోలేదు. "ఇప్పుడు తిప్పండమ్మా," అంది.

సుబ్బలక్ష్మిగారు మళ్ళీ వచ్చి తిప్పారు. ఒకటి కాదు, మూడుసార్లు తిప్పారు. ప్రొపెల్లర్ బుద్ధిగా తిరిగి ఆగింది. ఏమీ కాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లలోంచి నవ్వులు కూడా వినిపించాయి.

"చూశారా," అన్నాడు శ్యామ్ నొప్పించకుండా. "ఏం కాలేదు."

"తీగ కట్టాను కాబట్టి కాలేదు."

"కట్టకపోయినా అయ్యేది కాదు సంయుక్తా. పోనీలెండి, మీ జాగ్రత్త మీది."

జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తుంది? సంయుక్తకి కోపం తలకెక్కింది, దానితోపాటు ఏడుపూ వచ్చింది. ఆ సున్నా వేసిన రోజున కూడా రాని ఏడుపు అది. సరే, చెయ్యి దక్కింది కదా, ఇంకేం కావాలి అని తనకి తనే చెప్పుకుని కట్టర్ హేమంత్‌కి ఇచ్చేసింది.

సుబ్బలక్ష్మిగారు మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. కొడుకుని పిలిచారు. "ఇది ఇక్కడే ఉంటుందా?"

"అవునమ్మా."

"వచ్చేపోయేవాళ్ళు ముట్టుకుంటారుగా?"

"ముట్టుకుంటారు. విజిటర్లు ఫొటోలు కూడా దిగుతారు."

"అయితే ఇవాళ తేలిపోవాలి. ఈ అమ్మాయి తీగ కట్టింది. రేపు ఆ అబ్బాయి అసహ్యంగా ఉందని మళ్ళీ కోసేస్తాడు. ఏది నిజమో అందరికీ తెలియాలి." సంయుక్త వైపు తిరిగారు. "ఆ తీగ తీసి నువ్వు తిప్పి చూపించగలవా అమ్మా? నీకు ప్రమాదం లేకుండా?"

సంయుక్త వెంటనే ఒప్పుకోలేదు. లేనిపోని ప్రమాదాన్ని తెచ్చి చూపించడం ఆ వృత్తిలో తప్పు. కానీ పెద్దావిడ అన్నది తప్పు కాదు. ఇవాళ నమ్మకపోతే రేపు శుభ్రం చేసేవాళ్ళెవరో తిప్పుతారు, ఎల్లుండి ఫొటో కోసం ఇంకెవరో తిప్పుతారు. చీర కట్టుకుని చేసే పని కాదది, కానీ అక్కడ చేయగలిగింది తనొక్కతే.

"చూపిస్తానండీ," అంది. "నేను చెప్పినట్టు వినాలి మరి."

అందర్నీ కాన్ఫరెన్స్ రూముల్లోకి పంపించి అద్దాల తలుపులు వేయించింది. హాల్లో కిటికీలు తెరిపించింది. కార్బ్యురేటరు కింద తడి గుడ్డతో తుడిచింది. స్టాండు బోల్టులు ఒక్కొక్కటీ పట్టి ఊపి చూసింది, ఒక్కటీ కదల్లేదు. అగరొత్తులు తీయించి, "దీపం కొండెక్కించండి పంతులుగారూ," అంది. ఆయన గొణుక్కుంటూనే కొండెక్కించారు. హేమంత్‌ని మంటలార్పే సిలిండరు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడమంది. దండ తీసేయాలని తోచలేదు. గాజులు తీసి రిసెప్షన్ టేబుల్ మీద పెట్టింది, మెడలో ఐడీ కార్డు తీసేసింది, కొంగు నడుముకి చుట్టి దోపుకుంది, కుచ్చిళ్ళు పైకి ఎగదోసింది. వెనక్కి వెళ్ళి రెండు తీగలూ విప్పింది.

ప్రొపెల్లర్ పక్కగా నిలబడింది. వేళ్ళు మడవలేదు. అరచెయ్యి బల్లపరుపుగా ఆనించి, కిందికి తోస్తూ, తోసిన ఊపుతోనే ఒళ్ళంతా వెనక్కి తీసుకుంటూ ఒక అడుగు వెనక్కి వేసింది. ఏళ్ళయింది. ఒళ్ళు మర్చిపోలేదు.

లోపల స్ప్రింగు వదిలి 'టక్' మంది. అది మాగ్నెటో చప్పుడు. రవ్వ పడేముందు వచ్చే చప్పుడు. శ్యామ్ వందసార్లు విని కూడా విననిది అదే.

ఏమీ కాలేదు. మళ్ళీ తోసింది. టక్. ఏమీ కాలేదు. అద్దాల వెనక ఎవరో నవ్వారు. రజిత ఫోనెత్తి వీడియో తీస్తోంది. శ్యామ్ చేతులు కట్టుకుని, ఇక చాలన్నట్టు జాలిగా చూస్తున్నాడు.

మూడోసారి తోసింది.

హాలు దద్దరిల్లిపోయింది. ప్రొపెల్లర్ కంటికి కనిపించకుండా పోయింది. బంతిపూల దండ తునాతునకలై సీలింగుకీ అద్దాలకీ కొట్టుకుంది. హారతి పళ్ళెం ఎగిరి గోడకి తగిలింది. సిలిండర్ల మీది పసుపూ కుంకుమా పొగతో కలిసి లేచాయి. ఇంజన్ నాలుగైదుసార్లు దగ్గి, ఇంకోసారి పేలి, పెట్రోలు అయిపోయి ఆగిపోయింది. అంతా కలిపి ఊపిరి తీసి వదిలేంత సేపు కూడా పట్టలేదు. ఆగాక ప్రొపెల్లర్ కాస్త వెనక్కి ఊగి, అమాయకంగా నిలబడింది. అద్దాలు ఇంకా సన్నగా మోగుతున్నాయి.

సంయుక్త రెండడుగుల దూరంలో ఉంది. చెయ్యి తనదగ్గరే ఉంది. ముందు సంతోషం వేసింది, దాచుకోవడం ఎందుకు? ఎన్నేళ్ళ నాటి ఇంజనో, ఎవరెవరి చేతులు మారిందో, మూలపడి, తుప్పుపట్టి, అమ్ముడుపోయి, ఇక్కడ బొమ్మలా నిలబడి కూడా పలికింది. ఆ చప్పుడు మళ్ళీ వింటాననుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల కాదు.

గబగబా వెనక్కి వెళ్ళి తీగలు రెండూ మళ్ళీ బిగించేసింది. ఆ తర్వాతే తలుపులు తీయమంది.

నూట ఇరవైమంది నెమ్మదిగా బయటికొచ్చి, ప్రొపెల్లర్‌కి అల్లంత దూరంలో ఆగిపోయారు. రజిత చేతిలో ఫోను ఇంకా అలాగే ఎత్తి ఉంది. లోహిత్, తల్లి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని వదలడం లేదు. సుబ్బలక్ష్మిగారు ఆ చేతుల కేసి ఒకసారి, ప్రొపెల్లర్ అంచు మీది ఇత్తడి రేకు కేసి ఒకసారి చూసి, పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. "అమ్మాయ్, నీ పేరేంటన్నావ్?" అన్నారు. సంయుక్త చెప్పింది. ఆవిడ ఆ పేరు ఒకసారి పైకి అనుకున్నారు.

ఇక శ్యామ్ మిగిలాడు. సంయుక్త అతని కోసం ఒక మాట సిద్ధంగా పెట్టుకుంది. పళ్ళెం గోడకి తగిలినప్పుడే తయారైంది ఆ మాట. ఆరేళ్ళ సున్నా, నాలుగు అప్రైజళ్ళు, ఇందాకటి జాలి చూపు, అన్నీ అందులో ఉన్నాయి. నూట ఇరవైమంది ముందూ అనాలనుకుంది. అనే హక్కు ఉందనుకుంది.

శ్యామ్ ఎక్కడా కనిపించలేదు. కాన్ఫరెన్స్ రూములో చూసింది. అందరూ బయటికొచ్చేసిన ఆ గదిలో, గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. ముఖంలో రక్తం లేదు.

"శ్యామ్ గారూ," అంది.

తలెత్తాడు. ఆమెని చూశాడో లేదో. "ఆదివారం మా పాపని తీసుకొచ్చాను," అన్నాడు.

సంయుక్తకి వెంటనే అర్థం కాలేదు. "ఎక్కడికండీ?"

"ఇక్కడికే. ఇంజన్ కదిలిందని చూపిద్దామని. వర్షితకి ఆరేళ్ళు. అందకపోతే నేనే ఎత్తుకున్నాను. గుండ్రంగా తిరుగుతుంటే భలే నవ్వింది. ఇంకోసారి నాన్నా, ఇంకోసారి అంటూనే ఉంది. ఎన్నిసార్లు తిప్పిందో కూడా నాకు తెలీదు. రెండు చేతుల్తో పట్టుకుని..."

సంయుక్త అనదలుచుకున్న మాట నోట్లోనే ఆగిపోయింది. ఆదివారం పెట్రోలు ఉందా లేదా అని అడగబోయి మానేసింది. అడిగి ఏం లాభం? అతని మొహమే చెబుతోంది. పట్టుచీరతోనే వెళ్ళి అతని పక్కన నేల మీద కూర్చుంది. బయట రజిత ఎవరినో చీపురు తెమ్మంటోంది.

"ముందు దగ్గరికి రానివ్వలేదు," అన్నాడు శ్యామ్. "నాకూ భయమేసింది. దూరంగా సోఫాలో కూర్చోబెట్టాను. తీగలు రెండూ కోసేశాకే రమ్మన్నాను."